పెరుగు చెంచా

అక్కయ్యా, ఆదివారం సాయంత్రం రెండో చెంచా పెరుగు మింగగానే మా బుడంకాయకు పెదవులు వాచి ఊపిరి ఆడలేదు. ఆసుపత్రిలో సూది వేశాక తేరుకున్నాడు. ఇప్పుడు ఆడుకుంటున్నాడు.

తల్లిపాలు మాన్పించాలని నెలరోజులుగా పెరుగు అలవాటు చేస్తున్నాం. నాలుకకు తగలగానే "మంట" అంటూ ఉమ్మేసేవాడు. మారాం అనుకున్నాం. ఆ రోజు చెంచాను మైకులా పట్టి, "అయ్యగారూ, పెరుగుపై తమరి అభిప్రాయం?" అన్నాను. నవ్వుతూ నోరు తెరిచాడు, పెట్టేశాను. "మీ విలేకరి వేషాలు ఆఫీసులోనే ఉంచండి" అంది నీ మరదలు. అప్పటి నుంచి నిద్రలో వాడు దగ్గినా ఇద్దరం ఉలిక్కిపడి లేస్తున్నాం.

చిన్నప్పుడు నాకు పాలు పడేవేనా? డాక్టరు అడుగుతున్నారు, అమ్మను కనుక్కుని వెంటనే రాయి. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. వచ్చే సోమవారం ఉదయం పాలు పడతాయో లేదో చూడటానికి వాడి చేతిమీద పాలచుక్క వేసి, సూదితో గుచ్చి పరీక్ష చేస్తారు. ఒళ్లో కదలకుండా పట్టుకోవాల్సింది నేనే.

తమ్ముడు