మబ్బులో చూపించిన చుక్కలు

అక్కకి,

అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే ఏమీ అనుకోకు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చునే రాస్తున్నాను.

గూడెంలో చుక్కలు చూపించే శిబిరం పెట్టాకే మన కొండను క్వారీకి ఇవ్వడం ఆగింది. వచ్చినవాళ్ళకు మన పేర్లతో చుక్కలు చూపించే పని నాది. మొన్న ఇరవైమందిని బండ మీద కూర్చోబెట్టి, మంచంకోళ్ళ చుక్కలతో మొదలుపెట్టి, నాయనమ్మ చెప్పిన వరుసలోనే అన్నీ వేలు పెట్టి చూపించాను. ఎవరూ ఉలకలేదు, పలకలేదు. కథలో మునిగిపోయారనుకున్నాను. చివరికి ఒకావిడ మెల్లగా అంది, "ఇందాకటి నుంచీ మబ్బు పట్టే ఉంది కదండీ."

"మబ్బున్నా మాకు కనిపిస్తాయమ్మా" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

చీకటి పడితే నాకు నీ మరదలి ముఖం కూడా కంటికి ఆనడం లేదక్కా. తనకింకా చెప్పలేదు. ఇక బాగయ్యేది కాదన్నాడు డాక్టరు. శిబిరంవాళ్ళకు తెలిస్తే పట్నం నుంచి ఎవరినో తెస్తారు. ఈ పేర్లు వచ్చినవాడిని నేనొక్కడినే మిగిలాను. అవి కూడా పోతే జనం ఇంత దూరం ఎందుకొస్తారు? రాకపోతే క్వారీ లారీలు ఎన్నాళ్ళు ఆగుతాయి?

నువ్వొచ్చి కొన్నాళ్ళుండు. నాయనమ్మ కథ మొదలుపెట్టగానే గురక పెట్టేదానివి, నీకు పేర్లు రావని తెలుసు. అవి నేను చెబుతాను, ఎవరైనా నేర్చుకునేదాకా. నువ్వు పక్కన నా చెయ్యి పట్టుకుని నిలబడితే చాలు. మబ్బు పట్టినప్పుడు వదిలెయ్యి.

నీ తమ్ముడు