ఊరు చూడ్డానికొచ్చాం

నానూలి పిన్నికి,

ఇటలీలో మీ బారీ ఊళ్లో నువ్వు కుదిర్చిన ముసలావిడ దగ్గర అమ్మ పనికి చేరబోతోందని నాకు తెలుసు. మన జార్జియా వాళ్లు అక్కడ వీసా లేకుండా మూణ్ణెల్లు ఉండొచ్చు గానీ పని చేయకూడదనీ తెలుసు. గడువు దాటి ఉండిపోయినవాళ్లు ఇంటికొస్తే మళ్లీ రానివ్వరని, తాతయ్య పోయినప్పుడు కూడా నువ్వు రాలేదు.

పిల్ల పక్కనుంటే విమానాశ్రయంలో అధికారులు అనుమానించరని వచ్చే నెల అమ్మ నన్నూ తీసుకొస్తోంది. వారం తర్వాత నేనొక్కదాన్నే కుతైసీకి తిరిగి రావాలి.

నిన్న వంటింట్లో అమ్మమ్మ అధికారి వేషం కట్టింది. "ఎవరి దగ్గరికి వెళ్తున్నావు?" అని గద్దించింది.

"అవ్వ దగ్గరికి," అంది అమ్మ. అక్కడ ముసలివాళ్లను చూసుకునే మనవాళ్లంతా అలాగే అంటారు కదా, అదే అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"చంపావు పో! ఇటలీలో నీకు అవ్వెక్కడిదే?" అని అమ్మమ్మ పడీపడీ నవ్వింది.

అమ్మ నవ్వలేదు. "నేను అసలు నోరే తెరవను. దీన్ని ఇంగ్లీషు బడికి పంపింది ఎందుకు? ఊరు చూడ్డానికొచ్చామని ఇదే చెప్తుంది," అంది.

రోజూ పది సార్లు నాచేత ఆ మాట వల్లె వేయిస్తోంది. అలసిపోయాను పిన్నీ. మర్చిపోతానని కాదు నా భయం. అక్కడ అడగ్గానే నిజం చెప్పేస్తానేమోనని. చెప్పేస్తే అమ్మ నాతోపాటే ఇంటికొచ్చేస్తుంది.

పాస్‌పోర్టులు చూసే ఆ కిటికీ దగ్గర నన్ను నమ్ముకోవద్దని అమ్మకి ఎలాగైనా చెప్పు. నేను రాశానని మాత్రం చెప్పకు.

నీ అక్క కూతురు