విజిల్ నొక్కితే గంట

ఫిబ్రవరి 3, సోమవారం

వెనక గదిలో రైలుబొమ్మ మళ్ళీ కూసింది. నాలుగుసార్లు బటన్ నొక్కితే ఒకసారి. బండి ఆగగానే ఇంజన్ లోపలి శబ్దమంతా టక్కున ఆగిపోయింది. గోడకి ఇవతల పేపరు చదువుకుంటున్న నాకు జబ్బేమిటో అర్థమైపోయింది. ఆ ఇంజన్ పొట్టలో చిన్న బ్యాటరీ ఉంటుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద బండి నెమ్మదిస్తే శబ్దానికి కరెంటు చాలదు. అప్పుడు ఆదుకునేది ఆ బ్యాటరీయే. అది చచ్చింది. అంతే సంగతి.

దాదాపు ముప్ఫై ఏళ్ళుగా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చుడుతున్నాను. ఈ చుట్టుపక్కల ఎవరి పంపు కాలినా నా వైండింగ్ షాపుకే తెస్తారు. మా ఆవిడ మాత్రం నన్ను అడగలేదు. బొమ్మరైళ్ళ క్లబ్బు సెక్రటరీకి ఫోన్ చేసింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు.

ఫిబ్రవరి 9, ఆదివారం, సాయంత్రం 5

సెక్రటరీ వచ్చాడు. గడియారాలు బాగుచేసే మనిషి. నెత్తిన బ్రౌన్ టోపీ. ఇంట్లోకి వచ్చినా తియ్యడు. దాని కింద జుట్టు ఉందో లేదో నాకు తెలియాలి. భార్య పోయి ఆరేళ్ళయిందట. ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

బ్యాటరీ మార్చాడు. రెండు నిమిషాల పని. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. కిందటేడు ఆసుపత్రి లిఫ్టు మోటారు ఒక్క రోజులో చుట్టిచ్చి ఇంటికొస్తే, కాళ్ళు కడుక్కుని రండి, నేలంతా గ్రీజు అంది.

మీ ఇద్దరికీ పరిచయం ఎలా అయిందండీ అని టోపీ కాఫీ తాగుతూ అడిగాడు. ఎప్పుడూ చెప్పే కథే చెప్పాను. నేను మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఈవిడ కాలిపోయిన మిక్సీ పట్టుకుని షాపుకొచ్చింది, ఆ మిక్సీ ఏమో గానీ నా తల తిరిగిపోయింది అని. టోపీ పగలబడి నవ్వాడు. ఆవిడ మాత్రం, మిక్సీ కాదులెండి అని కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. ఎప్పుడు చెప్పినా ఇదే వరస. మిక్సీ కాదంటుంది. మరేమిటో చెప్పదు.

ఫిబ్రవరి 10, సోమవారం

అసలు ఆ రైలు ఆవిడది కూడా కాదు. వాళ్ళ అన్నయ్యది. ఆయన కిందటేడు పోయాడు. ఆవిడ వదిన అన్నీ అట్టపెట్టెల్లో సర్ది పంపించింది. పట్టాలు, రైలు పెట్టెలు, ఆయన చివర్లో కొన్న శబ్దాల ఇంజన్, ఆకుపచ్చ రంగేసిన ఇనప ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె ఒకటి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి నా ముందు పెట్టి, ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం అంది. నేను పజిల్ నింపుతున్నాను. తల ఎత్తకుండానే, పాత సామాన్లవాడికి వేసెయ్ అన్నాను.

ఆవిడ మర్నాడే క్లబ్బులో చేరింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

టోపీ మళ్ళీ వచ్చాడు. ఈసారి విజిల్ సంగతి తేల్చడానికట. ఇద్దరూ బల్ల కింద దూరి వైర్లు చూస్తున్నారు. మంచినీళ్ళ వంకతో ఆ గది ముందు నుంచి నాలుగుసార్లు తిరిగాను. నాకు దాహమే లేదు. తాగినందుకు బాత్రూమ్‌కి తిరగడం వేరే.

తర్వాత తలుపు దగ్గరగా వేసుకున్నారు. మాటలు వినపడలేదు గానీ ఆవిడ గొంతు లేచింది. ఆయనా తగ్గలేదు. గంటసేపు వాదించుకున్నారు. నాతో ఆవిడ గంటసేపు పోట్లాడి ఎన్నేళ్ళయింది? నేనేమన్నా సరేలెండి అని ఊరుకుంటుంది. వాళ్ళు నవ్వుకుంటే ఇంత మంట పుట్టేది కాదేమో. పోట్లాడుకున్నారు, అదీ నా బాధ.

ఇక్కడ ఎవరూ చదవరు కనక రాసుకుంటున్నాను. నాకు అసూయగా ఉంది. యాభై మూడేళ్ళ వయసులో, బొమ్మ రైలు గురించి.

ఫిబ్రవరి 22, శనివారం, ఉదయం 11

రేపు క్లబ్బు వాళ్ళు పన్నెండుమంది మా ఇంటికి వస్తున్నారు. ఆవిడ వారం రోజులుగా ఆ గది తుడుస్తూనే ఉంది. ఇందాక బజారుకి వెళ్ళింది.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పట్టాలకి రెండు వైర్లు వెళ్తాయి. అటుది ఇటు, ఇటుది అటు బిగిస్తే బండి మామూలుగానే నడుస్తుంది. విజిల్ నొక్కితే మాత్రం ఇంజన్ లోపలి గంట మోగుతుంది. ఆవిడ గురువుగారి ముందే మోగనీ. టోపీ గొప్పేమిటో పన్నెండుమందీ చూడనీ.

స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళాను. ఒక్క నిమిషం పట్టింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

చెయ్యకుండా ఉండాల్సింది.

అందరూ కూర్చున్నాక ఆవిడ లేచి నిలబడి మాట్లాడింది. నలుగురిలో ఆవిడ మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ అన్నయ్య బండి మలుపు తిరిగేటప్పుడు పొడుగ్గా ఒక విజిల్ కొట్టేవాడట. అది వింటే వంటింట్లో ఉన్నవాళ్ళకి కూడా తను కులాసాగా ఉన్నాడని తెలిసేదట. ఈ రోజు ఆ విజిల్ మీరూ వినండి అని బటన్ నొక్కింది.

నాలుగో నొక్కుకి గంట మోగింది. ఠంగు ఠంగుమని.

స్కూలు వదిలేశారా అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ మళ్ళీ మళ్ళీ నొక్కింది. మళ్ళీ గంటే. టోపీ వంగి వైర్లు చూశాడు. లేచి నావైపు చూశాడు. అప్పుడు ఆవిడ వంగి చూసింది. లేచేసరికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. ఈ పెట్టెకి ఇవాళ ఒంట్లో బాగోలేదండీ అని నవ్వి, అందరికీ కాఫీలు ఇచ్చింది.

నేను గుమ్మం పక్కన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నాకూ ఇచ్చింది కాఫీ.

ఫిబ్రవరి 24, సోమవారం

వెనక గదికి తాళం వేసింది.

ఫిబ్రవరి 27, గురువారం, ఉదయం 11, షాపులో

టోపీ షాపుకొచ్చాడు. చేతిలో గుడ్డసంచి. అందులో ఆ ఆకుపచ్చ పెట్టె. మీ ఆవిడ మీకిమ్మన్నారు అని బల్ల మీద పెట్టాడు.

ఆయన మొదటిరోజు నుంచీ చెబుతూనే ఉన్నాడట, లోపం పెట్టెలోనే ఉంది, కొత్తది తీసుకోండమ్మా అని. ఆవిడ ససేమిరా అందట. పోనీ నేను విప్పి చూస్తానంటే అదీ వద్దందట. దీన్ని చుట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు అందట. ఆ రోజు తలుపు వేసుకుని గంటసేపు పోట్లాడింది దీని గురించేనట.

వెళ్ళబోతూ ఇంకో మాట చెప్పాడు. ఒక వైరు కొసకీ, అది బిగించాల్సిన చోటికీ ఆవిడ ఎర్ర గోళ్ళరంగు పూసి పెట్టుకుందట. ఆదివారం వంగి చూడగానే ఎవరి పనో ఆవిడకి తెలిసిపోయిందట. టోపీ తీసి చెమట తుడుచుకుని వెళ్ళాడు.

జుట్టు ఉంది. బోలెడు ఉంది.

అదే రోజు, మధ్యాహ్నం 3

విప్పాను. ఆకుపచ్చ రంగు కింద నల్లరంగు. నల్లపెట్టె అనగానే ఏదో తట్టింది, అందలేదు. లోపలి తీగచుట్ట మీద పసుపు కాగితం. తీగ కొస ఎడమవైపు మడిచి ఉంది. నాది ఎడమచెయ్యి వాటం. అలా మడిచినందుకు మేస్త్రీ నన్ను తిట్టని రోజు లేదు.

పసుపు కాగితం మీద పెన్సిల్‌తో మూడు గీతలు.

మేస్త్రీ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఒక కుర్రాడు కాలిపోయిన నల్లపెట్టె ఇచ్చి వెళ్ళాడు. తీసుకెళ్ళడానికి వాళ్ళ చెల్లెలు వచ్చింది. పెట్టె అప్పటికే అయిపోయింది. ఇంకా అవలేదండీ, రేపు రండి అన్నాను. మర్నాడూ అదే అన్నాను. ఆ మర్నాడూ అంతే. వచ్చినప్పుడల్లా ఒక గీత గీశాను. నాలుగో రోజు వాళ్ళ అన్నయ్యే వచ్చాడు. ఇచ్చెయ్యక తప్పలేదు.

మిక్సీ కాదు. ఆ మిక్సీ ఎవరిదో.

ఇదేమిటో చెప్పుకోండి చూద్దాం అని నా ముందు పెట్టింది. నేను పాత సామాన్లవాడి పేరు చెప్పాను.

జబ్బు పెద్దదేం కాదు. విజిల్ బటన్ వెనక కరెంటుని ఒకేవైపు పంపే రెక్టిఫయర్ బిళ్ళ ముసలిదైపోయింది. దాని బదులు ఒక డయోడ్ వేస్తే చాలు.

సాయంత్రం 7

వైర్లు మార్చింది నేనే అని చెప్పాను. తెలుసంది. ఎందుకు చేశారని అడిగింది. టోపీ అన్నాను. ఆయన్ని చూసి కుళ్ళుకున్నారా అంది. అవునన్నాను.

అది మా అన్నయ్య విజిల్ అండీ అని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. మూడు గీతల సంగతి చెబుదామనుకుని ఆపుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, పెట్టె ఎప్పటికవుతుంది అంది. శనివారం షాపుకి రా అన్నాను.

మార్చి 1, శనివారం

డయోడ్ నిన్ననే వేశాను. గది తాళంచెవి అడిగి, ఇంజన్, రెండు పట్టాలు తెచ్చి చూశాను. ఒక్క నొక్కుకే పొడుగ్గా కూసింది.

ఇందాక ఆవిడ షాపుకొచ్చింది. ఇంకా అవలేదండీ, రేపు రండి అన్నాను.

కౌంటరు అవతల నిలబడి నా మొహంలోకి చాలాసేపు చూసింది. సరే, రేపొస్తాను అని వెళ్ళిపోయింది.

పెన్సిల్ వెతుకుతున్నాను.