చెట్టుకి లిఫ్టు

మహారాజశ్రీ టౌన్ ప్లానింగ్ ఆఫీసరు ఎబినేజర్ గారికి, రెండో వార్డు సూర్యకుమారి నమస్కరించి రాస్తున్నది.

మేమంతా కులాసా. మీరూ కులాసాయే అనుకుంటాను, ఆఫీసులో కొత్త ఏసీ పెట్టేరని విన్నాను. నేను మస్కట్‌లో చాన్నాళ్లు వంటమనిషిగా చేసి వచ్చేనండి. మా స్థలంలో ఇల్లు కట్టుకుందామని గంగబాబు చేత ప్లాను గీయించి కంప్యూటర్లో పెట్టిస్తే వెనక్కి కొట్టేసేరు. ఎందుకండీ? వెనకాల సెట్‌బ్యాకని ఖాళీ జాగా వదలాలన్నారు, వదిలేం. అందుకని వంటగది కూడా మానుకుని మూల పొయ్యి పెట్టుకున్నాం. ముందు వసారా. దాని మధ్యలోంచి మా కొబ్బరిచెట్టు పైకి వెళ్తుంది. స్లాబులో దానికి గుండ్రంగా కన్నం వదిలేం. మన వైపు ఇదేం వింత కాదు కదా!

నేను కాపురానికొచ్చిన ఏడు మా అత్తగారు సుబ్బమ్మ గారు పాతిన చెట్టది. దాన్ని కొట్టి కట్టిన ఇంట్లో అడుగు పెట్టనని తెగేసి చెప్పేరు. ఆవిడ లేని గృహప్రవేశం నాకక్కర్లేదండి. అనుమతి ఇప్పించండి.

ఇట్లు,
సూర్యకుమారి

తా.క.: మీ అసిస్టెంటు మా గంగబాబుని "చెట్టు ఎన్నో అంతస్తులో ఉంది?" అని అడిగేడట. వేళాకోళం కాదండి, నిజంగానే అడిగేడట.

---

శ్రీమతి సూర్యకుమారి గారికి,

మా వాడు అడిగింది సరైన ప్రశ్నే. స్లాబు దాటి పైకి వెళ్లేదేదైనా మా కంప్యూటరు ఇంట్లో భాగంగానే లెక్కగడుతుంది. మీ చెట్టుని చిటారు మట్ట దాకా కొలిచేసరికి మీ ఒంటి అంతస్తు ఇల్లు కాస్తా ఐదంతస్తుల భవనమైంది. దానికి లిఫ్టు ఉండాలి, ఫైరు వాళ్ల సర్టిఫికెట్ ఉండాలి, ముందున్న రోడ్డు ఇంకా వెడల్పుండాలి. అవన్నీ అయినా చూపించండి, చెట్టయినా తీసెయ్యండి.

ఇట్లు,
ఎబినేజర్, టౌన్ ప్లానింగ్ ఆఫీసరు

తా.క.: ఏసీ పనిచెయ్యడం లేదు.

---

గౌరవనీయులైన ఎబినేజర్ గారికి,

లిఫ్టు మాట వినగానే మాకు కాయలు దింపే ముత్యాలరాజు ఏడ్చినంత పని చేసేడండి. మోకాళ్ల నొప్పులతో ఎక్కలేక చస్తున్నాడు పాపం. "ఇన్నాళ్లకి గవర్నమెంటుకి మా బాధ తెలిసిందండమ్మా" అని మీ ఆఫీసు వైపు తిరిగి దణ్ణం పెట్టేడు. లిఫ్టుకి ఒప్పుకుంటున్నాను. మట్టల కింద ఆగితే చాలు, గెల చేతికందుతుంది. మీరే పెట్టిస్తారా, మేం పెట్టించుకోవాలా? ఫైరు సంగతంటారా, పైన బొండాల నిండా నీళ్లేనండి.

ఇట్లు,
ఒప్పుకున్న సూర్యకుమారి

తా.క.: మా వీధి వీధంతా అప్లికేషన్లు రాస్తోంది, ఎవరి చెట్టుకి వాళ్లు. రేపొస్తారు.

---

అమ్మా సూర్యకుమారి గారూ,

పొద్దున్నుంచీ ఆఫీసు ముందు ఒకటే జనం. జగ్గారావు గారైతే తన చెట్టుకి రెండు లిఫ్టులడిగేరు, ఎక్కడానికొకటి, దిగడానికొకటి. మహాప్రభో! మునిసిపాలిటీ ఎవరి చెట్టుకీ లిఫ్టు పెట్టదు. నేను రాసింది ఇంటి సంగతి. దయచేసి ఎత్తు తగ్గించి కొత్త ప్లాను పంపండి.

ఇట్లు,
ఎబినేజర్

తా.క.: ముత్యాలరాజు తెచ్చిన బొండం నేను తాగలేదు, లంచం కిందికొస్తుంది. ఆఫీసు మెట్ల మీదుంది, తీసుకుపొమ్మనండి.

---

ఎబినేజర్ గారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే తగ్గించేం. కొత్త ప్లానులో చెట్టు మా గుమ్మం కన్నా పొట్టి. చెట్టుకీ చెప్పి చూసేం గానీ అది వినే రకం కాదండి, మా అత్తగారు పాతింది మరి. మీ కంప్యూటరుకి నమ్మకం చాలకపోతే మీరే టేపు పట్టుకుని రండి. చెట్టు మొదట్లో ఓసారి నించుంటే మీకే తెలుస్తుంది. మీరు రాకపోతే ఆవిడే కుర్చీ పట్టుకుని ఆఫీసుకొచ్చి కూచుంటానంటున్నారు. ఆపడం నా వల్ల కాదు.

ఇట్లు,
సూర్యకుమారి

తా.క.: వచ్చేక హెల్మెట్ తియ్యకండి. కాయలు ముదిరేయి.

---

శ్రీమతి సూర్యకుమారి గారికి,

వచ్చేను, చూసేను. చెట్టు మొదట్లో, మీ అత్తగారి కుర్చీ పక్కనే, రోడ్డు వెడల్పు చెయ్యడానికి వేసిన గుర్తురాయి ఉంది! ఈ సంగతి మీ ప్లానులో లేదు. రాయికి రోడ్డు వైపున్న ముక్క మీరు మునిసిపాలిటీకి వదలాలి. చెట్టు ఆ ముక్కలోనే ఉంది కనక వసారా కుదరదు. ఇల్లు వెనక్కి జరపండి.

మరో మాట. ఇకనుంచి ఆ చెట్టు మునిసిపాలిటీది. మీ మీద కోపంతో కాదు, రూలు ప్రకారమే చెప్తున్నాను, దాని మీద ఎవరు చెయ్యి వేసినా కేసు పెడతాను. దాన్ని కాపాడే బాధ్యత ఈ ఆఫీసుదే. స్థలం వదిలినందుకు వెనకవైపు సెట్‌బ్యాక్ తగ్గించేం, అక్కడ ఓ గది వేసుకోవచ్చు. అనుమతి పత్రం దీంతో పంపుతున్నాను.

ఇట్లు,
ఎబినేజర్

తా.క.: మీకు బాధ కలిగే ఉంటుంది. ఏం చెయ్యను, రూలు రూలే.

---

ఆప్తులు ఎబినేజర్ గారికి,

ఆయ్, బాధేం లేదండి. ఇల్లు పూర్తయి మొన్న గృహప్రవేశమైంది. అందరికన్నా ముందు కుడికాలు పెట్టి లోపలికొచ్చింది మా అత్తగారే. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చేసేయి. చెట్టు ఎక్కడిదక్కడే ఉంది. వెనకాల వంటగది కూడా అమిరింది, ఎప్పుడొచ్చినా పనసపొట్టు కూరతో భోజనం పెడతాను. ఇప్పుడది లంచం కాదు కదా.

ఆ రాయి మాకు కొత్త కాదండి, నేను మస్కట్ వెళ్లకముందు నుంచీ ఉంది. ముందే చెప్తే రోడ్డుకి అడ్డమని మీరే కొట్టించేవారు. వసారా నాకెప్పుడూ అక్కర్లేదు. చెట్టు మీదేనని, దాన్ని ముట్టుకుంటే ఊరుకోనని మీ చేత్తో మీరే రాయాలని మా అత్తగారి పట్టుదల. రాసేరు, ఇక రోడ్డొచ్చినా దాన్ని మీరే కాపాడాలి. ఆవిడ మిమ్మల్ని దీవిస్తున్నారు.

ఇట్లు,
మీ మేలు మరవని సూర్యకుమారి

తా.క.: మీరొచ్చే ముందురోజు ఆ రాయి చుట్టూ గడ్డి పీకి సున్నం కొట్టింది ఆవిడే. బాగా కనపడింది కదండీ?

మరో తా.క.: మునిసిపాలిటీ చెట్టు కాయలు బాగా ముదిరిపోయేయి. లిఫ్టు ఎప్పుడు పెడతారని ముత్యాలరాజు అడగమన్నాడు.