నీలం గుడ్డలో తెల్ల పోగు

పత్తి కొట్టు నడిపే నేను, డెబ్బై రెండేళ్ళవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా స్వయంగా టైపు చేస్తున్న వీలునామా ఇది. కుడి చెవి సరిగ్గా వినపడదు గానీ మతి మాత్రం మీరనుకునేదానికంటే గట్టిగానే ఉంది.

1. కొట్టు, కాటా, తోపుడు బండి అబ్బాయికి. ఒక్కటే షరతు: ప్లాస్టిక్ గోతాం గడప దాటకూడదు, గుడ్డ సంచులే వాడాలి. ఉతకాలి, ఆరేయాలి, ఇదేం చాదస్తం నాన్నా అంటావు. నాలుగో అంశం చదివాక అను.

2. కుట్టుమిషను అమ్మాయికి. మన సంచులన్నీ మీ అమ్మ దాని మీదే కుట్టింది. సాయంత్రానికి కనుబొమల నిండా దూదే. ముసలిదానివైపోయావే అని ఏడిపించేవాణ్ణి. నిజంగా ముసలిదయ్యేదాకా ఉండలేదు.

3. నా గొడుగు, పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు నడిపే బావమరిదికి. నా బండిని వానలో మూడు గంటలు గేటు బయట నిలబెట్టాడు. నేను మర్చిపోలేదని చెప్పి మరీ ఇవ్వండి.

4. బీరువా పై అరలోని నీలం గుడ్డ కూడా అబ్బాయికే. వెలుతురులో పెట్టి చూడు, మధ్యలో రంగెక్కని తెల్ల పోగు కనిపిస్తుంది. అది గోతాం నుంచి ఊడి పత్తిలో కలిసిన ప్లాస్టిక్ పీచు. మీ అమ్మ చనిపోయిన ఏడాది, చిరిగిన సంచులు కుట్టే దిక్కు లేదు. ఒక్క కోతకి ఏమవుతుందిలే అని చెల్లెమ్మ చేనుకి గోతాలు పంపాను. చెల్లెమ్మంటే తోడబుట్టింది కాదు, పురుగుమందు కొట్టకుండా పత్తి పండించే ఆవిడ. ఈ గుడ్డ నేసిన నేతాయన దాన్ని వెనక్కి పంపి నూలు మిల్లుని అడిగాడు. నూలు మిల్లు జిన్నింగు మీదికి తోసింది, జిన్నింగు నా మీదికి. నేను రైతు మీదికి. ఆవిడ కింద ఇంకెవరూ లేరు, మట్టి తప్ప. ఆ గోతాలు నావే అని నోరు విప్పలేదు. కల్తీ మనిషని పేరు పడి, తొమ్మిదేళ్ళుగా ఆవిడ మంచి పత్తి మామూలు పత్తి రాశిలోనే కలిసిపోతోంది. తప్పు నాది. పైన చెప్పిన ప్రతివాళ్ళకీ ఈ కాగితం నకలు పంపండి.

5. కొట్టులో ఎడమ చేతి గది చెల్లెమ్మ పేర రాశాను. నిన్న వెళ్ళి అంతా చదివి వినిపించాను. సాక్షి సంతకం పెట్టేవాళ్ళకి ఆస్తి రాయకూడదని ప్లీడరు అన్న మాటా చెప్పాను. ఒలుస్తున్న పత్తి సంచిలో వేసింది. “గది నువ్వే ఉంచుకో అన్నా. కింద సంతకం నేను పెడతా” అంది. అందుకని గది అబ్బాయికే. అందులో మందు కొట్టని పత్తి తప్ప ఇంకేదీ పోయకూడదు. మొదటి సంచి ఎప్పుడూ ఆవిడదే.

తేదీ: 9 మార్చి 2019, శనివారం

సంతకం: పత్తి కొట్టు యజమాని

సాక్షులు:
1. నీలం గుడ్డ నేసిన నేతాయన
2. ఆ పత్తి పండించిన రైతు (వేలిముద్ర చాలన్నా వినలేదు, పేరు మొత్తం రాసింది)