సోమయ్య సేటుకు నేర్పిన ఇంగ్లీషు

అక్కా,

ఫోన్‌లో చెబితే పడీపడీ నవ్వి బావకు ఫోనిస్తావు. అందుకే రాస్తున్నాను.

కార్వాన్‌లో పప్పుల వ్యాపారం చేసే సోమయ్య సేటుకు ఇంటికెళ్లి ఇంగ్లీషు చెబుతున్నాను కదా. మొదటి రోజే ఆయన నాతో అన్నాడు: "సారూ, ఎవరన్న ఇంటికొచ్చి ఏదన్న అడిగితే తెలుగుల కాదనడానికి నాకు నోరు రాదు. ఉర్దూల అంటే దోస్తులు ఫీలైతరు. ఇంగ్లీషుల కాదనుడు నేర్పు, గంతే చాలు."

అద్దం ముందు నిలబెట్టి నేర్పాను. నవ్వు చెరగకుండా, గొంతు పెరగకుండా "సారీ, నాట్ పాజిబుల్" అనడం వచ్చేసింది. చందాలకొచ్చినవాళ్లు, పెళ్లికి కారడిగే చుట్టాలు, అందరూ వచ్చినదారినే వెళ్లిపోతున్నారు.

నిన్న ఆయన కూతురు మనస్వినిని నాకిచ్చి పెళ్లి చేయమని అడిగాను. అడగమని పంపింది ఆ పిల్లే. గౌరవంగా ఉంటుందని ఇంగ్లీషులో అడిగాను.

ఆయన నవ్వు చెరగలేదు, గొంతు పెరగలేదు. "సారీ సార్. నాట్ పాజిబుల్."

ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అలవాటుకొద్దీ "వెరీ గుడ్" అనేశాను. తలుపు వెనక మనస్విని నెత్తి బాదుకుంది.

ఆదివారం నువ్వు రావాలి. వాళ్లింట్లో చాయ్ తాగి, "అన్నా, మీ బిడ్డను మా తమ్మునికియ్యుండ్రి" అని తెలుగులో అడుగు. ఒక్క ఇంగ్లీషు ముక్క రానివ్వకు.

బావను మాత్రం తీసుకురాకు. గుమ్మంలోనే "హలో సార్" అంటాడు.

నీ తమ్ముడు