రానివాళ్ళ డబ్బా

మార్చి 3, సోమవారం. ఉదయం పది

ఇవాళ్టి నుంచి నాకో వెబ్‌సైట్ ఉంది. డెబ్బై రెండేళ్ళు దాటాక మనిషికి కొత్తగా వచ్చేవి రోగాలేననుకున్నాను.

స్టూడియో మూసి పదకొండేళ్ళయింది. జనం తీయించుకుని పట్టుకెళ్ళడం మర్చిపోయిన ఫోటోలు, మా దగ్గర మిగిలిపోయిన కాపీలు అటకనిండా ఉన్నాయి. ఎవరి మొహం వాళ్ళకి అప్పజెప్పి పోదామని ఆశ. అందుకని ఒక్కొక్కటే దింపి స్కాన్ చేసి పేజీలో అడ్డంగా ఆరు, నిలువుగా ఎన్ని పడితే అన్ని పేర్చాను. వేలిగోరంత బొమ్మలు. థంబ్‌నెయిల్స్. దాని మీద నొక్కితే అదే బొమ్మ పెద్దదై కనపడాలి. కనపడాలి అని రాసుకోవడం తేలిక.

నేను దేన్నీ బళ్ళో కూచుని నేర్చుకోలేదు. ఫోటోగ్రఫీ కూడా ఒక ముసలాయన దగ్గర ట్రేలు కడుగుతూ దొంగచూపులు చూసి నేర్చుకున్నదే. ఇదీ అంతే, పాత పుస్తకాల కొట్లో దొరికిన పుస్తకం. దానికి చివరి ముప్పై పేజీలు లేవు. బొమ్మ తెరవడం నూట పన్నెండో పేజీలో ఉంది. మూయడం చిరిగిపోయినవాటిలో ఉంది కాబోలు. తెరిచాక మూయడానికి కంప్యూటర్ ఆపేయాల్సి వస్తోంది.

అక్క కుర్చీ లాక్కుని పక్కన కూచుంది. ఆవిడకి ఎనభై. నలభై ఏళ్ళు మా స్టూడియోలో ఫోటోలకి టచప్ చేసింది. ఈ ఊళ్ళో సగం మంది పుట్టుమచ్చలు ఆవిడ కుంచె మింగినవే. ఒరేయ్, తలుపు తీయడం వచ్చి వేయడం రానివాణ్ణి దొంగ కూడా పనిలో పెట్టుకోడురా అంది.

మార్చి 5

నొక్కితే పెద్దదవుతోంది. కాకపోతే బస్సులో ఇద్దరి సీటులో లావుపాటాయన వచ్చి కూచున్నట్టు, పక్క బొమ్మలన్నిటినీ నెట్టేస్తోంది. ఒక పెళ్ళికూతుర్ని పెద్దది చేస్తే మూడు పాస్‌పోర్ట్ ఫోటోలు, ఒక కుస్తీ పహిల్వాను పేజీ అడుక్కి జారిపోయారు.

మా ముసలాయన గుర్తొచ్చాడు. ఫిల్ము మొత్తం ఒకే కాగితం మీద చిన్న చిన్నగా అచ్చు వేసి, భూతద్దం పట్టుకుని ఎంచేవాడు. చిన్నదాంట్లో అందరూ అందగాళ్ళేరా, పెద్దది చేస్తేనే ఎవరి బండారం వాళ్ళది అనేవాడు. ఆయన పళ్ళు కట్టించుకున్నవని పోయేదాకా ఎవరికీ తెలీదు. అది వేరే కథ.

నడుము పట్టేసింది. పడుకుంటాను.

మార్చి 8

దారి దొరికింది. పెద్ద బొమ్మని పేజీలో ఇరికించకూడదు. పేజీ మీద తేలాలి. వెనక నల్లటి తెర ఒకటి, మూలన ఇంటూ గుర్తు. నొక్కితే లేస్తుంది, ఇంటూ నొక్కితే పోతుంది, కింద ఎవరి చోట్లో వాళ్ళు కదలకుండా ఉంటారు. పదిహేను లైన్ల కోడ్. దానికి ఇన్నాళ్ళు.

ఇప్పుడు అసలు చాకిరీ. ప్రతి ఫోటోనీ పెద్ద సైజులో మళ్ళీ స్కాన్ చేయాలి. లేకపోతే గోరంతదాన్నే సాగదీసి చూపిస్తుంది, మొహాలు అలికినట్టు వస్తాయి. నాలుగొందల ముప్పై ఉన్నాయి. నలభై అయ్యాయి.

మార్చి 9

మోకాళ్ళు.

మార్చి 11. సాయంత్రం నాలుగు

ఒకావిడ ఫోన్ చేసింది. స్కూలు యూనిఫారాలు కుట్టే కొట్టు నడుపుతుందట. నలభై రెండేళ్ళట. బాబాయిగారూ అని పిలిచింది. మొదటి మాటకే బాబాయి అన్న మనిషికి కాదని చెప్పడం కష్టం.

ప్రింటింగ్ ప్రెస్ పనివాళ్ళ గ్రూప్ ఫోటో చూసిందట. వెనక వరసలో కుడి చివర ఉన్నది వాళ్ళ నాన్నట. తనకి మూడేళ్ళప్పుడు పోయాడు. ఇల్లు మారినప్పుడు పెట్టె తడిసి ఉన్న ఒక్క ఫోటో కూడా పోయిందట. ఇదే ఫోటో వాళ్ళ ఇంటి గోడ మీద ఉండేదని అమ్మ చెప్పేదట, చివర నుంచున్నాడు అని. అమ్మా లేదిప్పుడు. నొక్కి చూస్తే మొహం మసకమసగ్గా వస్తోంది, కొంచెం బాగా చూపించండి బాబాయిగారూ, మా నాన్న ఎలా ఉంటాడో నాకు తెలీదు అంది.

తప్పకుండా అన్నాను. ఆ రోజు మీకు గుర్తుందా అని అడిగింది. ఎందుకు లేదమ్మా, ఎండ మొహాన పడుతుంటే కళ్ళు చికిలించి నవ్వాడు అన్నాను.

నాకేం గుర్తులేదు. కథ చెప్పేవాడికి నోరు ఊరికే ఉండదు.

మార్చి 12

అటక మీంచి ఆ ప్రింటు దింపి స్కానర్ మీద పెట్టబోతుంటే అక్క చూసింది. కళ్ళద్దాలు పైకి కిందకి జరిపింది. దీన్ని పెద్దది చేయకురా అంది. ఎందుకే అన్నాను. ఆ చివరివాడు అతుకు, నేనే అతికించాను అంది.

స్కానర్ మూత వేసేశాను.

అది మా పనిలో రివాజు. ఆఫీసువాళ్ళు, ఫ్యాక్టరీవాళ్ళు గ్రూప్ ఫోటో పెట్టుకుంటే ఎవడో ఒకడు రాడు. జ్వరమో, చావో, షిఫ్టో. వెనక వరస చివర ఒక మనిషి జాగా ఖాళీగా వదిలి ఫోటో తీసేవాళ్ళం. తర్వాత ఆ రానివాణ్ణి స్టూడియోకి రప్పించి ఒంటరిగా తీసి, ఛాతీ దాకా కత్తిరించి, ఆ జాగాలో అతికించి, అంచులు కుంచెతో కలిపేసి, దాన్ని మళ్ళీ ఫోటో తీసి కాపీలు వేసేవాళ్ళం. గోడ మీద ఉన్నంతకాలం ఎవరూ కనిపెట్టలేదు. అక్కకి అదొక గర్వం.

చూడు, మెడ దగ్గర ఎంత బాగా కలిపానో అని ప్రింటు మీద వేలు పెట్టింది. బాగానే కలిపింది. ఇప్పుడు నేను దాన్ని పదింతలు చేసి పెట్టబోతున్నాను.

మార్చి 13

చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. చెబితే మొన్న చెప్పిన ఎండ ఏమవుతుంది?

అక్క నన్ను చూసి, పూర్తిగా చెప్పు, లేదా పూర్తిగా నోరుమూసుకో, నీకు రెండూ రావు అంది.

మధ్యాహ్నం పెద్ద సైజు ఎక్కించాను. ఏమీ చెప్పలేదు.

మార్చి 14. ఉదయం తొమ్మిది

ఫోన్ వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. గొంతు మామూలుగా ఉంది. దానికే భయమేసింది.

బాబాయిగారూ, మా నాన్న చొక్కాకి జేబు కుడి పక్క ఉందేం అంది. మిగతా ఇరవై మూడు మందికీ ఎడమ పక్కే ఉంది. బొత్తాల పట్టీ కూడా ఆడవాళ్ళ బ్లౌజుకి వేసినట్టు తిరగబడి ఉంది. ఇరవై ఏళ్ళుగా చొక్కాలు కుడుతున్నాను, ఇలా ఏ దర్జీ కుట్టడు అంది.

గోరంత బొమ్మలో జేబే కనపడదు. నేను పెద్దది చేసి చేతిలో పెట్టాను.

అప్పుడు ప్రింటు చూస్తే అర్థమైంది. గ్రూప్‌లో ఎండ ఎడమ నుంచి. స్టూడియోలో లైటు కుడి నుంచి. నీడలు కలవాలని, కుడి ఎడమలు మారేలా నెగెటివ్ తిరగేసి ప్రింటు వేసి ఉంటాం. జేబు చెరిపేయమని అక్కకి చెప్పడం మర్చిపోయి ఉంటాను.

అంతా చెప్పాను. అతుకు సంగతి, ఎండ సంగతి, నేను అబద్ధమాడిన సంగతి. అటు కుట్టుమిషను చప్పుడు ఆగింది. అయితే ఆయన వాళ్ళతో నుంచోలేదన్నమాట అంది. లేదమ్మా అన్నాను. మొహం కూడా తిరగబడిందే కదా అంది. అవునమ్మా అన్నాను. పెట్టేసింది.

మార్చి 15

ఫోన్ లేదు. ఫోటో తీసేద్దామా అనుకున్నాను. తీసేస్తే ఇంకో అబద్ధం.

మార్చి 17. మధ్యాహ్నం

అక్క మీద అరిచాను. జేబు ఎందుకు చూసుకోలేదు అని. ఎనభై ఏళ్ళ మనిషి మీద నలభై ఏళ్ళ కిందటి జేబు గురించి. ఆవిడ తాపీగా, నేను అతికించిన తల ఆకాశంలోంచి ఊడిపడలేదు కదరా, దానికో నెగెటివ్ ఉంటుంది కదా, అరిచే ఓపిక ఉంటే వెతుక్కో అంది.

ఇన్ని రోజులూ నాకీ ముక్క తట్టలేదు. అతికించాం అంటే వేరే తీశాం. వేరే తీశాం అంటే ఆయన ఒక్కడే ఉన్న ఫోటో ఒకటి లోకంలో ఉంది.

గ్రూప్ నెగెటివ్‌లు ఆయా ఆఫీసులకే ఇచ్చేసేవాళ్ళం. రానివాళ్ళవి ఎవరూ అడగరు. అవన్నీ ఒక పెద్ద బిస్కట్ డబ్బాలో పడేసేవాళ్ళం. డబ్బా ఎక్కడ? అక్క తన మంచం కిందికి చెయ్యి చూపించింది. మూత మీద ఆవిడ చేతిరాతే: రానివాళ్ళు.

పేర్లు లేవు, తేదీలు లేవు. నాలుగు వందలకి తక్కువ ఉండవు. రానివాళ్ళు ఇంతమంది ఉంటారని అనుకోలేదు.

మార్చి 19

కిటికీ దగ్గర కూచుని ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూస్తున్నాం. నెగెటివ్‌లో తెల్లవాడు నల్లగా, నల్లవాడు తెల్లగా. అక్క జేబులు చూస్తోంది, నేను చెవులు చూస్తున్నాను. కళ్ళు మండుతున్నాయి. నిన్న నూట డెబ్బై, ఇవాళ తొంభై.

మార్చి 20. ఉదయం పదకొండు

దొరికాడు.

అక్క ముందు చూసింది. అదే చెవి, అదే జేబు, జేబులో పెన్ను. ఎడమ పక్క, ఉండాల్సినచోట.

మేము వాడుకున్నది ఛాతీ దాకానే. ఫ్రేము మొత్తం పెద్దది. ఆయన స్టూలు మీద కూచున్నాడు. కింద, ఫ్రేము అంచులో, ఆయన చిటికెన వేలు పట్టుకుని ఒక చెయ్యి ఉంది. పిల్ల చెయ్యి. గౌను బుట్టచేతి అంచు కొంచెం. మిగతా పిల్ల ఫ్రేము బయట. అడ్డం రాకు అని నేనే పక్కకి జరిపి ఉంటాను. నాకు గుర్తులేదు. ఈసారి గుర్తుందని ఎవరితోనూ అనను.

మార్చి 22, శనివారం

ఫోన్ చేస్తే వస్తానంది. కొట్టు కట్టేసి వచ్చింది, మెళ్ళో కొలతల టేపు తీయడం మర్చిపోయింది. అక్కకి దండం పెట్టి, మీరేనా మా నాన్నని అతికించింది అంది. అక్క, అవునే తల్లీ, జేబొకటి తప్పింది అంది. ఆ అమ్మాయి నవ్వింది. 

నేను చూపించాను. ముందు పేజీ చివర కొత్తగా చేర్చిన చిన్నది, నాలుగొందల ముప్పై ఒకటి అని అంకె వేసింది. తర్వాత నొక్కమన్నాను. ఆవిడే నొక్కింది.

మొహం చాలాసేపు చూసింది. పాపిడి ఇటా అంది. ఇటే అన్నాను. తర్వాత ఆ చెయ్యి కనపడింది. ఎవరిది అని నన్నడగలేదు. అక్కడ పెద్దది చేయండి అంది. చేశాను. ఇంకా అంది. చేశాను. గౌను చేతి అంచు స్క్రీన్ నిండా వచ్చింది. చేత్తో మడిచి కుట్టిన అంచు, కుట్లు ఒక్కోటి ఒక్కో పొడుగు.

ఇది మా అమ్మ కుట్టు, వంకర టింకరగా ఉంటుంది, నేను మిషను నేర్చుకున్నాక ఎన్నిసార్లు వెక్కిరించానో అంది. టేపు కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూచుంది. మా నాన్నకి ఆ రోజు నన్ను ఎక్కడ వదలాలో తెలిసి ఉండదు, అమ్మ అప్పుడు ఆసుపత్రిలో ఉండేదట అంది. అందుకే గ్రూప్‌కి రాలేదేమో అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఏమో బాబాయిగారూ, అలాగే అనుకుంటాను, మీ మాట కాకుండా నా మాటగా అనుకుంటాను అంది.

పెద్ద ప్రింటు వేసి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ఒక మాట అడిగింది. చిన్న బొమ్మ పేజీలో అందరితోపాటు ఉండనివ్వండి, ఆయనకీ వరసలో ఒక చోటుండాలి. పెద్దది మాత్రం మా ఇంట్లోనే ఉండనీయండి అంది.

ఏప్రిల్ 2

ఎవరో ఫోన్ చేశారు. మీ పేజీ బావుంది గానీ నాలుగొందల ముప్పై ఒకటో బొమ్మ ఎంత నొక్కినా తెరుచుకోవడం లేదండీ, చెడిపోయినట్టుంది, చూసుకోండి అన్నారు.

చూసుకున్నాను. చెడిపోలేదు.